ఆకలి, బరువు, ఓపిక
(స్మారకోపన్యాస పాఠం)



ఎవరి పేరున ఈ ఉపన్యాసం ఏటా జరుగుతోందో ఆ డాక్టరుగారి దగ్గర నేను హౌస్ సర్జన్‌గా పనిచేశాను. షుగరు రోగి వచ్చి కూర్చోగానే మేమంతా రిపోర్టులు తిరగేసేవాళ్లం. ఆయన మాత్రం ముందుగా ఆకలి గురించి అడిగేవారు. ఏ వేళకు వేస్తుంది, తిన్నాక ఎంతసేపటికి మళ్లీ వేస్తుంది, పడుకోబోయే ముందు చెయ్యి కారప్పూస డబ్బా మీదికి పోతుందా, ఇలాంటివి. కేసు షీటులో ఆ జవాబులు రాయడానికి గడి ఉండేది కాదు, మార్జిన్‌లో రాసుకునేవారు. ఆకలిని నడిపే హార్మోన్ల పేర్లు అప్పటికి పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కలేదు. లెప్టిన్‌ను జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనుగొన్నది 1994లో. గ్రెలిన్‌ను జపాన్ శాస్త్రజ్ఞులు కొజిమా, కంగావా కనుగొన్నది 1999లో. ఆయన స్మృతిలో మాట్లాడమన్నప్పుడు నాకు వేరే విషయం తోచలేదు.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది అన్నం తగ్గించి బరువు తగ్గాలనుకునే వాళ్ల గురించి. మరీ ముఖ్యంగా, మొదటి నెలలో గబగబా తగ్గి, తర్వాత కాటా కదలక, తామేదో తప్పు చేశామని కుమిలిపోయే వాళ్ల గురించి. వాళ్లు నా గదిలోకి వచ్చి చెప్పే మాటలు దాదాపు ఒకటే. నోరు కట్టుకున్నాను డాక్టరుగారూ, అన్నం ముట్టలేదు, అయినా తగ్గలేదు అంటారు. పక్కన కూర్చున్న భర్తో, కొడుకో, కోడలో నమ్మనట్టు చూస్తారు. ఆ చూపు నాకు బాధ కలిగిస్తుంది. ఎందుకంటే చాలాసార్లు వాళ్లు చెప్పేది నిజం.

మన రెండు రాష్ట్రాల్లో ఈ పద్ధతి ఇప్పుడు ఎవరికీ కొత్త కాదు. వీరమాచనేని రామకృష్ణగారి ప్రసంగాల పుణ్యమా అని అన్నం మానెయ్యడం, కొబ్బరినూనె, నిమ్మకాయ నీళ్లు ఊరూరా ఇంటి మాటలయ్యాయి. ఆయన పద్ధతి మీద డాక్టర్లు వాదించారు, అభిమానులు ఎదురు వాదించారు. ఆ వాదంలోకి నేను వెళ్లను. తెలుగువాళ్లు అన్నం లేకుండా వారాలకు వారాలు గడపగలరని, అలా గడిపినా ఆకలితో నకనకలాడలేదని వాళ్ల నోటనే విన్నాం. నాకు ఆసక్తి కలిగించింది ఆ రెండో సంగతి. తిండి తగ్గినా ఆకలి ఎందుకు వేయలేదు? కొన్నాళ్లకు ఎందుకు మళ్లీ వేసింది?

ఈ కథ మొదలైంది మన దగ్గర కాదు. 1862లో లండన్‌లో విలియం బాంటింగ్ అనే పెద్దమనిషి ఉండేవాడు. అంత్యక్రియలు ఏర్పాటు చేయడం వాళ్ల ఇంటి వృత్తి, రాచకుటుంబం దాకా పేరున్న సంస్థ. అప్పటికి ఆయన వయసు 66, ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు, బరువు 202 పౌండ్లు, అంటే 91 కిలోలకు పైమాటే. వంగి బూటు తాడు కట్టుకోలేడు. మోకాళ్ల మీద, చీలమండల మీద బరువు పడకుండా మెట్లు వెనక్కి తిరిగి దిగేవాడు. అంతకు ముందు ఆయన చేయని ప్రయత్నం లేదు. వైద్యులు చెప్పినట్టు పొద్దున్నే పడవ తెడ్లు వేశాడు. కండ పెరిగింది, దానితో పాటు విపరీతమైన ఆకలీ పెరిగింది, ఆ ఆకలి తీర్చుకునే సరికి బరువూ పెరిగింది. ఈ మాట ఆయనే రాసుకున్నాడు. వ్యాయామం మంచిదే, చేయవలసిందే. అయితే అది ఆకలిని లేపి కూర్చోబెడితే ఏమవుతుందో నూట అరవై ఏళ్ల కింద ఒక సామాన్యుడు తన ఒంటి మీద చూసి చెప్పాడు.

చెవి సరిగా వినపడక విలియం హార్వే అనే వైద్యుడి దగ్గరికి వెళ్లాడు. హార్వే పారిస్‌లో క్లాడ్ బెర్నార్డ్ ఉపన్యాసాలు విని వచ్చినవాడు. కాలేయం చక్కెరను తయారు చేస్తుందని కనుగొన్న శాస్త్రవేత్త బెర్నార్డే. ఆ జ్ఞానంతో హార్వే రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంప మానమన్నాడు. మాంసం, చేప, కూరగాయలు తినమన్నాడు. ఏడాదికి కాస్త పైగా గడిచేసరికి బాంటింగ్ 46 పౌండ్లు తగ్గాడు. 1863లో ఆ అనుభవాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేయించి మొదట ఉచితంగా పంచిపెట్టాడు. 81వ ఏట, 1878లో కన్నుమూశాడు.

ఆ 46 పౌండ్లను మన లెక్కలోకి మార్చి చూడండి. ఏడాదికి ఇరవై ఒక్క కిలోలు, వారానికి 400 గ్రాములు. తక్కువ పిండిపదార్థాల భోజనానికి ప్రపంచంలో మొట్టమొదట పేరు తెచ్చిన మనిషి తగ్గిన వేగం అది. నెలకు పది కిలోలని గోడల మీద కనబడే ప్రకటనలకూ, ఆయన వేగానికీ పొంతన లేదు. ఆయనకు తొందర లేదు, ఆకలీ లేదు. కడుపు నిండా తింటూ తగ్గానన్నదే ఆయన సంతోషం.

ఇక మొదటి పదిహేను రోజుల సంగతి. అన్నం, ఇడ్లీ, చపాతీ మానగానే రెండు మూడు కిలోలు దిగిపోవడం చాలామందికి అనుభవమే. దానికి కారణం నీళ్లు. మన కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో సుమారు 400 గ్రాముల గ్లైకోజెన్ నిల్వ ఉంటుంది. ప్రతి గ్రాము తనతో మూడు గ్రాముల దాకా నీటిని పట్టుకుని ఉంటుంది. పిండిపదార్థం రాక ఆగితే నిల్వ కరుగుతుంది, పట్టుకున్న నీరు వదులుతుంది. ఇన్సులిన్ తగ్గేసరికి మూత్రపిండాలు ఉప్పును, దానితో నీటిని బయటికి పంపుతాయి. పెళ్లి భోజనం ఒక్కటి తింటే మర్నాడు కిలోన్నర పెరిగిపోవడానికీ ఇదే కారణం. ఆ పెరిగింది కొవ్వు కాదు, ముందు తగ్గిందీ పూర్తిగా కొవ్వు కాదు. ఈ మాట మొదటి రోజే చెప్పి ఉంటే ఎందరి నిరాశో తప్పేది. మొదటి పక్షపు వేగాన్నే అసలు వేగమని నమ్మించి పంపడం వైద్యుడు చేసే అన్యాయం.

నీళ్ల కథ అయ్యాక అసలు పని మొదలవుతుంది. 2005లో అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో గుంథర్ బోడెన్ బృందం మధుమేహం, స్థూలకాయం ఉన్న పదిమందిని ఆసుపత్రిలోనే ఉంచి పరిశీలించింది. వారం రోజులు మామూలు భోజనం. తర్వాత రెండు వారాలు పిండిపదార్థాలు రోజుకు 21 గ్రాములకు కుదించి, మాంసకృత్తులు, కొవ్వు మాత్రం ఎంత కావాలంటే అంత తినమన్నారు. క్యాలరీలు తగ్గించమని ఎవరూ అనలేదు. అయినా సగటున రోజుకు 3,111 క్యాలరీలు తింటున్నవాళ్లు 2,164కు దిగారు. దాదాపు వెయ్యి క్యాలరీలు వాటంతట అవే తగ్గాయి. ఆ తగ్గిన తిండికీ, తగ్గిన బరువుకీ లెక్క సరిపోయింది. ఈ భోజనంలో మంత్రం ఏదైనా ఉంటే అది ఇక్కడే ఉంది. తినాలన్న కోరిక తగ్గడం వల్ల తిండి తగ్గింది, తిండి తగ్గడం వల్ల బరువు తగ్గింది.

కోరిక ఎందుకు తగ్గుతుంది? అన్నిటికన్నా బలమైన కారణం మాంసకృత్తులని నా అభిప్రాయం. అదే ఏడాది వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మరో పరిశీలన జరిగింది. అందులో పిండిపదార్థాల వాటా మార్చలేదు. మాంసకృత్తుల వాటా 15 శాతం నుంచి 30 శాతానికి పెంచి, ఆ మేరకు కొవ్వు తగ్గించారు. కావలసినంత తినమంటే వాళ్లు రోజుకు సగటున 441 క్యాలరీలు తక్కువ తిన్నారు, పన్నెండు వారాల్లో 4.9 కిలోలు తగ్గారు. అంటే అన్నం మానినవాడికి కలిగే తృప్తిలో పెద్ద భాగం అన్నం స్థానంలోకి వచ్చిన గుడ్డుది, చేపది, పనీరుది. రెండో కారణం కీటోన్లు. పిండిపదార్థాలు బాగా తగ్గించినప్పుడు కాలేయం కొవ్వును కీటోన్లుగా మారుస్తుంది. బరువు తగ్గిన ఎవరికైనా రక్తంలో గ్రెలిన్ పెరగాలి, ఆకలి పెరగాలి. కీటోన్లు ఉన్నంతకాలం ఆ పెరుగుదల అణిగి ఉందని ఆస్ట్రేలియాలో ప్రియా సుమిత్రన్ బృందం 2013లో చూపించింది. మామూలు తిండికి మళ్లగానే గ్రెలిన్ పైకి లేచింది. చీటింగ్ డే పేరుతో వారానికొక రోజు బిర్యానీ తినేవాళ్లు ఆకలి ఆగడం లేదని ఎందుకు అంటారో దీన్ని బట్టి కొంత అర్థమవుతుంది.

ఇంత చెప్పి, దీనికి ఎదురుగా నిలిచే సాక్ష్యాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. 2021లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం ఇరవైమందిని ఆసుపత్రిలో ఉంచి, రెండేసి వారాలు రెండు రకాల భోజనం పెట్టింది. ఒకటి కొవ్వు బాగా తక్కువగా ఉన్న శాకాహారం, రెండోది పిండిపదార్థాలు బాగా తగ్గించిన కీటో భోజనం. శాకాహారం తిన్న రెండు వారాల్లో వాళ్లు రోజుకు సుమారు 700 క్యాలరీలు తక్కువ తిన్నారు. ఆకలిలో మాత్రం రెండింటికీ తేడా కనబడలేదు. కూరగాయలు, పప్పులు, పండ్లు కడుపులో చోటు ఎక్కువ తీసుకుంటాయి, క్యాలరీలు తక్కువ ఇస్తాయి. నూనె అలా కాదు, గ్రాముకు తొమ్మిది క్యాలరీలు. కాబట్టి ఆకలిని శాంతింపజేసే దారి ఒక్కటే అని ఎవరైనా అంటే నమ్మకండి. 2018లో స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం 609 మందిని ఏడాదిపాటు చూసింది. కొవ్వు తగ్గించినవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థాలు తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు. లెక్కల ప్రకారం అది తేడాయే కాదు. ఒక్కొక్క గుంపులోనూ పాతిక కిలోలు తగ్గినవాళ్లున్నారు, ఏడెనిమిది కిలోలు పెరిగినవాళ్లూ ఉన్నారు. ఎవరికి ఏది పడుతుందో జన్యువులు చెప్పలేకపోయాయి, ఇన్సులిన్ పరీక్షా చెప్పలేకపోయింది. ఏడాదంతా తరగతులు పెట్టి, పోషకాహార నిపుణులు వెంట ఉండి నడిపిస్తే సగటున వచ్చింది నెలకు అర కిలో. దాన్ని వైఫల్యమని ఆ పరిశోధకులు అనలేదు. మన ఇళ్లలో మాత్రం నెలకు అర కిలో తగ్గిన మనిషిని ఏమీ తగ్గలేదంటున్నాం.

బరువు తగ్గడం ఎందుకు మందగిస్తుందో ఇప్పుడు చూద్దాం. రోజుకు 500 క్యాలరీలు తగ్గిస్తే వారానికి అర కిలో తగ్గాలి అన్న లెక్క ప్రతి పత్రికలో కనబడుతుంది. ఆ లెక్కన ఏడాదికి పాతిక కిలోలు, మూడేళ్లకు డెబ్బై అయిదు కిలోలు తగ్గిపోవాలి. అలా ఎవరూ తగ్గరు. తగ్గిన శరీరం తక్కువ ఖర్చు పెడుతుంది. కొత్త తిండికి తగ్గ కొత్త బరువు దగ్గర అది ఆగుతుంది. మార్పులో సగం రావడానికే సుమారు ఏడాది, పూర్తిగా రావడానికి మూడేళ్లు పడుతుందని హాల్ బృందం 2011లో లెక్క తేల్చింది.

ఖర్చు తగ్గడం చిన్న సంగతి, ఆకలి పెరగడం పెద్ద సంగతి. ఆ రెండింటినీ విడదీసి కొలిచిన తీరు నాకు చాలా నచ్చింది. మధుమేహానికి వాడే ఒక రకం మందు చక్కెరను మూత్రంలో పంపేస్తుంది. రోజుకు మూడు వందల పైచిలుకు క్యాలరీలు మనిషికి తెలియకుండా పోతాయి. తాను పథ్యం చేస్తున్నానన్న ఆలోచనే లేని మనిషి ఎంత తగ్గుతాడు, ఎక్కడ ఆగుతాడు, ఎంత ఎక్కువ తినడం మొదలుపెడతాడు అన్నది 2016లో పొలిడోరి, హాల్ తదితరులు లెక్క కట్టారు. తగ్గిన ప్రతి కిలోకు రోజువారీ ఖర్చు ఇరవై ముప్పై క్యాలరీలు తగ్గుతుంది. ఆకలి మాత్రం ప్రతి కిలోకు రోజుకు సుమారు వంద క్యాలరీల మేర పెరుగుతుంది. అయిదు కిలోలు తగ్గిన మనిషిని శరీరం రోజుకు అయిదు వందల క్యాలరీలు అదనంగా తినమని వెనక నుంచి నెడుతూ ఉంటుంది. ఆదివారమని, పండగని ఆ ఒత్తిడి సెలవు తీసుకోదు. సుమిత్రన్ బృందమే 2011లో, బరువు తగ్గి ఏడాది గడిచినా ఆకలి హార్మోన్లు పాత స్థితికి రాలేదని చూపించింది.

తక్కువ పిండిపదార్థాల భోజనం ఆ ఒత్తిడికి అడ్డుకట్ట వేస్తుంది. కట్ట గట్టిదే, కాని వరద ఆగదు. కొన్ని నెలల తర్వాత తగ్గుదల నిలిచిపోయిందంటే, కట్ట బలమూ వరద ఉధృతీ సరిసమానం అయ్యాయని అర్థం. అప్పుడు ఆ మనిషి ఒక్క గ్రాము పెరగకుండా ఉండటం కూడా రోజూ చేస్తున్న పనే. కంటికి కనబడని పని.

నా దగ్గరికి వచ్చే ఒక హైస్కూలు టీచరుగారి సంగతి చెబుతాను. పేరూ ఊరూ అక్కర్లేదు. ఆవిడ బరువుతో పాటు సాయంత్రం నాలుగింటి ఆకలిని కూడా డైరీలో రాసుకునేవారు. ఆఖరి పీరియడు బెల్లు కొట్టేసరికి కాళ్లు స్టాఫ్ రూములోని బిస్కెట్ల వైపు నడిచేవి. పొద్దున నాలుగిడ్లీల బదులు రెండు గుడ్లు, కూర, కప్పు పెరుగు, మధ్యాహ్నం డబ్బాలో చారెడు అన్నం, దానికి రెండింతలు కూర, చేపో పనీరో పెట్టుకోవడం మొదలుపెట్టాక మూడో వారం డైరీలో ఒక మాట రాశారు: నాలుగయింది, గుర్తే రాలేదు. ఆ మాట నాకు ఏ రక్తపరీక్ష కన్నా ఎక్కువ చెప్పింది. ఏడు కిలోలు తగ్గారు. ఆ తర్వాత అదే డబ్బా, అదే కొలత, కాని నాలుగింటి ఆకలి మళ్లీ డైరీలోకి వచ్చింది. కాటా ఆగిపోయింది. ఆవిడ చేసినది నూటికి తొంభైమంది చేసేదే. ఇంకా తగ్గించారు. రాత్రి భోజనం మానేశారు. పది పదిహేను రోజులు బిగబట్టారు, ఒక రాత్రి వంటింట్లో నిలబడి గిన్నెలోని పెరుగన్నం తినేశారు, తర్వాత రెండు నెలలు నా దగ్గరికి రాలేదు. సిగ్గుపడ్డారు.

వచ్చాక డైరీ తిరగేస్తే ఆ రోజులు పదో తరగతి పేపర్ల స్పాట్ వాల్యుయేషన్ రోజులు. పొద్దున్నే బస్సు, రాత్రి ఆలస్యంగా నిద్ర. నిద్ర తక్కువైతే ఆకలి ఏమవుతుందో 2004లో షికాగోలో కరీన్ స్పీగెల్, ఈవ్ వాన్ కౌటర్ చూపించారు. రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే లెప్టిన్ 18 శాతం తగ్గింది, గ్రెలిన్ 28 శాతం పెరిగింది, ఆకలి 24 శాతం పెరిగింది. వాళ్లు ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లు. రోజంతా పేపర్లు దిద్ది ఇంటికొచ్చి వంట చేసే ఆవిడ సంగతి వేరే చెప్పాలా? రాత్రి భోజనం తిరిగి పెట్టించాను, అందులో మాంసకృత్తులు పెంచాను, తగ్గించడం గురించి మూడు నెలలు మాట్లాడవద్దన్నాను. కాటా అక్కడే ఉంది. నడుము కొలత తగ్గింది, మూడు నెలల షుగరు సగటు తగ్గింది, నాలుగింటి ఆకలి సగానికి వచ్చింది. తర్వాత బరువు నెలకు అర కిలో చొప్పున మళ్లీ కదిలింది.

మన వంటింటి గురించి రెండు మాటలు. 2025లో నేచర్ మెడిసిన్‌లో వచ్చిన ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే ప్రకారం మన దేశంలో సగటు మనిషి క్యాలరీల్లో 62 శాతం పిండిపదార్థాలవే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదంది. కాబట్టి మన ఇళ్లలో చాలామందికి మొదటి అడుగు కీటో కానక్కర్లేదు. 100 గ్రాముల బియ్యంలో 78 గ్రాములు పిండిపదార్థమే. బియ్యం కొలత సగం చేసి, ఆ ఖాళీలోకి కూర, గుడ్డు, చేప, పెరుగు రానిస్తే అదే పెద్ద మార్పు. చిరుధాన్యాలు మంచివే, పీచు ఎక్కువ. అయితే కొర్రలైనా సజ్జలైనా రాగులైనా 100 గ్రాముల్లో పిండిపదార్థం 60 నుంచి 70 గ్రాముల దాకా ఉంటుంది. రాగిసంకటి ముద్దలు రెండు తిని అన్నం మానేశానంటే లెక్క కుదరదు. పప్పుల్లోనూ సగానికి పైగా పిండిపదార్థమే. అందుకే శాకాహారి ఇంట్లో ఈ పథ్యం కష్టం, ఆ కష్టాన్ని ఒప్పుకుని పెరుగు, పనీరు, సోయా, ఆకుకూరల మీద నిలబడాలి.

కొవ్వు విషయంలో నా అభిప్రాయం గట్టిగా చెబుతాను. అన్నం తగ్గించినవాడు నెయ్యికి, నూనెకు భయపడనక్కర్లేదు. కాని బరువు ఆగిపోయిందని నూనె పెంచడం అర్థం లేని పని. పెద్ద చెంచాడు నూనె 120 క్యాలరీలు. 100 గ్రాముల వేరుశనగ గుళ్లు 550 దాటుతాయి, టీవీ ముందు కూర్చుంటే అవి ఎప్పుడు అయిపోయాయో తెలియదు. శరీరం తన కొవ్వును వాడుకోవాలంటే పళ్లెంలోంచి వచ్చే కొవ్వుకు హద్దుండాలి.

ఈ మధ్య ఆకలిని అణిచే ఇంజెక్షన్లు వచ్చాయి. సెమాగ్లూటైడ్‌తో 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గినట్టు 2021లో తేలింది. మందు ఆపిన ఏడాదికి తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. అలాంటిదే మరో ఇంజెక్షన్ మౌంజారో 2025 మార్చిలో మన దేశంలోనూ అమ్మకానికి వచ్చింది. ఎవరికి అవి అవసరమో అది వేరే చర్చ. నేను గమనించమనేది ఒక్కటే. ఆకలిని మందుతో ఆపితే బరువు తగ్గింది, మందు తీసేస్తే ఆకలి వచ్చింది, బరువూ వచ్చింది. ఇందులో మనిషి గుణం ఎక్కడ మారింది? లావుగా ఉన్నవాళ్లకు నోటి మీద అదుపు లేదనే మాట మనం చాలా తరాలుగా అంటూ వచ్చాం. ఆ మాటను వైద్యులం మొదట మానాలి.

ఇక ప్రమాదాల గురించి. షుగరుకు గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో వాడుతూ ఒక్కసారిగా అన్నం మానితే రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. ఇందాక చెప్పిన, చక్కెరను మూత్రంలో పంపే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు వాడేవాళ్లు పిండిపదార్థాలు బాగా తగ్గిస్తే కీటోన్లు ప్రమాదకరంగా పెరగవచ్చు. అప్పుడు షుగరు రీడింగు మామూలుగానే కనబడి మోసం చేస్తుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే మీటరు చూసి ఊరుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి. బీపీ మాత్రల మోతాదు తగ్గించవలసి రావచ్చు. కొందరికి చెడు కొలెస్ట్రాల్ బాగా పెరుగుతుంది, అది పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మూత్రపిండాల జబ్బున్నవాళ్లు ఈ పథ్యం జోలికి సొంతంగా పోకూడదు.

సభలో ఇలాంటి పథ్యంలో ఉన్నవాళ్లు తప్పక ఉంటారు. కాటా ఆగిపోయిన నెలలో తిండి ఇంకా తగ్గించకండి. నడుము కొలుచుకోండి, నిద్ర చూసుకోండి, ఏ వేళకు ఆకలి లేస్తోందో వారం రోజులు రాసుకుని ఆ కాగితం మీ డాక్టరుకు చూపించండి. వాళ్లతో ఒకే ఇంట్లో ఉండేవాళ్లకు నా విన్నపం వేరు. ఎంత తగ్గావని అడగకండి. ఒక్క ముద్దకు ఏమవుతుందని వడ్డించకండి. సాయంత్రం వాళ్లు తినగలిగేది ఏదైనా ఇంట్లో సిద్ధంగా ఉంచండి. షుగరుకు, బీపీకి మందులు వాడుతున్నవారు మాత్రం భోజనం మార్చడానికి ముందే, రేపే, మందుల చీటీ పట్టుకుని మీ డాక్టరును కలవండి.